మెషిన్ షాపులో సురక్షితంగా పనిచేయడం: యంత్రం తిరగక ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

మెషిన్ షాపులో గాయాలన్నీ లోహాన్ని కోస్తున్నప్పుడే జరుగుతాయని కొత్తగా చేరినవారు అనుకుంటారు. నిజానికి కోత సాగుతున్నంతసేపూ మెషినిస్టు చేతులు హ్యాండిళ్ళ మీద ఉంటాయి, చూపు టూలు మొన మీద ఉంటుంది, మనసు కూడా అక్కడే ఉంటుంది. చేయి ప్రమాదంలో పడేది ఆ కోతకు ముందూ వెనుకా ఉండే చిన్న పనుల్లో: జాబ్ (కోయవలసిన ముక్క) బిగించేటప్పుడు, కొలత చూసేటప్పుడు, చిప్స్ (కోతలో వచ్చే లోహపు తురుము) లాగేటప్పుడు, అంచున మిగిలిన బర్ (పదునైన పొర) తీసేటప్పుడు, గుడ్డతో తుడిచేటప్పుడు. ఇవన్నీ క్షణాల్లో అయిపోయే పనులు కావడం వల్ల వీటి కోసం యంత్రాన్ని ఆపడం దండుగ అనిపిస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అభిప్రాయాన్ని మార్చడానికే రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రాడ్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 157 మిల్లీమీటర్లు కనుక దాని ఉపరితలం సెకనుకు 2.6 మీటర్ల వేగంతో కదులుతుంది. అపాయాన్ని గమనించి చేయి వెనక్కి తీయడానికి మనిషికి కనీసం సెకనులో ఐదో వంతు పడుతుంది. చొక్కా చేయి అంచో, గ్లవ్ వేలి కొసో ఆ రాడ్‌కు చిక్కితే, మీరు కదలడానికి ముందే అర మీటరు గుడ్డ దాని చుట్టూ చుట్టుకుపోతుంది. అర మీటరంటే మణికట్టు నుంచి మోచేయి దాటేంత పొడవు. ఎంత అనుభవం ఉన్నవారికైనా, ఎంత చురుకైనవారికైనా ఈ లెక్క మారదు. అందువల్ల మెషిన్ షాపులో జాగ్రత్త అనేది స్పిండిల్ (యంత్రంలో తిరిగే ఇరుసు) తిరగడానికి ముందే పూర్తి కావలసిన పని.

ఒంటి మీద ఉండవలసినవి, ఉండకూడనివి

చేతులకు గ్లవ్స్ వేసుకుంటే భద్రంగా ఉంటామనే నమ్మకం చాలామందిలో బలంగా నాటుకుపోయింది. తిరిగే యంత్రం దగ్గర ఆ నమ్మకం ప్రాణాంతకం. వట్టి వేలు డ్రిల్ బిట్‌కు తగిలితే తెగవచ్చు. గ్లవ్ తగిలితే మాత్రం అది బిట్‌కు చుట్టుకుని వేలితో పాటు చేతిని కూడా లోపలికి లాగుతుంది. లేత్ (జాబ్‌ను తిప్పుతూ కోసే యంత్రం), డ్రిల్లింగ్ మెషిన్, మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో కోసే యంత్రం) నడుస్తున్నప్పుడు గ్లవ్స్ తీసి పక్కన పెట్టాలి. కోసిన ముక్కల పదునైన అంచులను పట్టుకునేటప్పుడు, ఆగి ఉన్న యంత్రం నుంచి చిప్స్ ఎత్తిపోసేటప్పుడు, ముడి సరుకు మోసేటప్పుడు వాటిని మళ్ళీ వేసుకోవాలి. గ్లవ్స్ ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు తీసేయాలో ఈ రెండు ముక్కల్లో కొత్తవారికి మొదటి రోజే చెప్పడం మంచిది.

ఉంగరం, గడియారం, కంకణం, మణికట్టుకు కట్టుకున్న దారం, మెడలోని గొలుసు, గుర్తింపు కార్డు తాడు, ఇయర్‌ఫోన్ తీగ, ఇవన్నీ షాపులోకి అడుగుపెట్టక ముందే తీసి పెట్టాలి. ఉంగరం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది: అది దేనికైనా తగులుకుని లాగబడితే వేలి చర్మం మొత్తం ఊడి వచ్చే గాయమవుతుంది, చాలాసార్లు ఆ వేలు దక్కదు. చొక్కా చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలి, లేదా మోచేతి పైకి, మడత లోపలి వైపు ఉండేలా మడుచుకోవాలి. పొడవాటి జుట్టును జడగా వేసుకుంటే సరిపోదు. ముడి వేసి టోపీ లోపల పెట్టుకోవాలి. ముందుకు వంగి కొలత చూసినప్పుడు జడ కొస స్పిండిల్ దాకా వస్తుంది.

కళ్ళకు పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గ్లాసెస్ కావాలి. చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్ళజోడు పక్క నుంచి వచ్చే చిప్‌ను ఆపదు. మీ యంత్రం ఆగి ఉన్నా పక్క యంత్రం నడుస్తూనే ఉంటుంది కనుక షాపులో ఉన్నంతసేపూ అవి ముఖాన ఉండవలసిందే. కాళ్ళకు ఉక్కు ముక్కు ఉన్న బూట్లు ఉండాలి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే అక్కడి శబ్దం చెవికి హాని చేసే స్థాయిలో ఉన్నట్టే; రోజుకు ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్‌ను హద్దుగా తీసుకుంటారు. చెవి నరాల నష్టం నొప్పి లేకుండా వస్తుంది, వచ్చాక తిరిగి పోదు. కాబట్టి ఇయర్ ప్లగ్స్ మొదటి రోజు నుంచే వాడాలి.

లేత్ దగ్గర

లేత్ మీద తప్పనిసరిగా అలవరచుకోవలసిన మొదటి అలవాటు చక్ కీకి సంబంధించినది (చక్ అంటే జాబ్‌ను దవడలతో పట్టుకుని తిప్పే భాగం, కీ ఆ దవడలను బిగించే పనిముట్టు). కీ చక్‌లో ఉన్నంతసేపూ మీ చేయి కీ మీదే ఉండాలి. మరో పనికి చేయి కావలసి వస్తే ముందు కీని బయటికి తీసి దాని చోట పెట్టి, ఆ తరువాతే చేయి వదలాలి. కీని చక్‌లో మరచిపోయి స్టార్ట్ నొక్కితే అది ఎదుట నిలబడినవారి ముఖానికి గానీ, ఛాతీకి గానీ తగిలేంత బలంగా ఎగిరివస్తుంది. కొన్ని కీలకు చేయి వదలగానే చక్ నుంచి బయటికి తోసేసే స్ప్రింగ్ ఉంటుంది. కొనేటప్పుడు అటువంటిదే ఎంచుకోవాలి. దాని కదలికలు అడ్డుగా ఉన్నాయని ఆ స్ప్రింగ్‌ను పీకేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ పని ఎవరూ చేయకూడదు.

జాబ్ బిగించాక, స్టార్ట్ చేయడానికి ముందు, గేరును న్యూట్రల్‌లో పెట్టి చక్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. చక్ దవడలు టూలును పట్టుకునే టూల్‌పోస్ట్‌కు తగలవని, దాన్ని మోసుకుంటూ జరిగే క్యారేజ్ చక్ దాకా వచ్చినా దారిలో అడ్డం ఏదీ లేదని, దవడలు చక్ అంచును మరీ దాటి బయటికి రాలేదని ఈ ఒక్క చుట్టులో తెలిసిపోతుంది. ఒక వైపు బరువు ఎక్కువగా ఉన్న జాబ్ అయితే ఎదురు బరువు కట్టి, వేగాన్ని అత్యల్పం నుంచి మొదలుపెట్టి, అదురు చూసుకుంటూ పెంచాలి.

స్పిండిల్ వెనుక నుంచి బయటికి పొడుచుకువచ్చిన రాడ్ విషయంలో చాలామంది మోసపోతారు. తక్కువ వేగంలో అది తిన్నగానే తిరుగుతుంది. వేగం ఒక హద్దు దాటగానే దాని కొస పక్కకు వంగుతుంది, వంగిన కొద్దీ ఆ వంపు ఇంకా పెరుగుతుంది, రెప్పపాటులో రాడ్ అడ్డంగా వంగిపోయి చుట్టుపక్కల ఉన్నదాన్నల్లా కొడుతుంది. రాడ్‌ను అవసరమైన పొడవుకు ముందే కోసుకోవాలి. అది కుదరకపోతే వెనుక భాగాన్ని గొట్టంలో గానీ, స్టాండు మీద గానీ ఆనించి, అటు ఎవరూ నడవకుండా అడ్డు పెట్టాలి.

ఎమరీ క్లాత్‌తో (గరుకు పొడి అంటించిన గుడ్డతో) నునుపు చేయడం లేత్ మీద జరిగే పనులన్నిటిలో నాకు అత్యంత భయం కలిగించేది. తిరుగుతున్న జాబ్ చుట్టూ ఎమరీ ముక్కను చుట్టి, రెండు కొసలనూ వేళ్ళకు మెలిపెట్టి పట్టుకోవడం ఎన్నటికీ చేయకూడని పని. ఒక కొస మరో కొస మీదికి ఎక్కితే చాలు, పైన చెప్పిన లెక్క ప్రకారం వేళ్ళు జాబ్ కిందికి వెళ్ళిపోతాయి. ఎమరీని చెక్క పట్టీకి అంటించి జాబ్‌కు ఆనించాలి. లేదా పొడవాటి పట్టీ తీసుకుని, రెండు చేతులూ జాబ్‌కు దూరంగా ఉంచి, లాగితే జారిపోయేలా వదులుగా పట్టుకోవాలి. రంధ్రం లోపలి గోడను నునుపు చేయడానికి వేలికి ఎమరీ చుట్టి లోపల పెట్టడం మరీ ఘోరం. దానికి చీలిక పెట్టిన పుల్లకు ఎమరీ దోపుకుని వాడాలి.

జాబ్ మీద ఆకురాయి పెట్టవలసి వస్తే, పిడిని ఎడమ చేత్తో, కొసను కుడి చేత్తో పట్టుకోవాలి. చక్ మీకు ఎడమ వైపున ఉంటుంది. పిడి కుడి చేతిలో ఉంటే కొసను పట్టుకోవడానికి ఎడమ చేయి తిరుగుతున్న చక్ మీదుగా చాచవలసి వస్తుంది. ఎడమ చేత్తో పిడి పట్టుకుంటే ఆ చేయి చక్ ఇవతలే ఉండిపోతుంది. ఇది మొదట్లో ఇబ్బందిగా ఉన్నా కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. పిడి లేని ఆకురాయిని మాత్రం ముట్టుకోకండి, ఎందుకంటే దవడ తగిలితే దాని తోక నేరుగా అరచేతిలోకి దిగుతుంది.

ఉక్కును కోసేటప్పుడు వచ్చే పొడవాటి చిప్స్ వేడిగా, బ్లేడంత పదునుగా ఉంటాయి. అవి జాబ్‌కు చుట్టుకుంటే చేత్తో లాగడం కాదు, ముందు యంత్రం ఆపాలి, తరువాత కొక్కెంతో తీయాలి. ఆ కొక్కానికి వేలు దూరే ఉంగరం వంటి పిడి ఉండకూడదు. చిప్ చుట్టుకుంటే కొక్కెం చేతి నుంచి జారిపోవాలి తప్ప చేతిని వెంట లాక్కుపోకూడదు. పొడవాటి చిప్స్ పదే పదే వస్తున్నాయంటే ఫీడ్ (టూలు జాబ్‌లోకి ముందుకు జరిగే వేగం) తక్కువగా ఉందని, లేదా చిప్‌ను విరగ్గొట్టే గాడి ఉన్న టూలు కావాలని అర్థం. ఇక్కడ భద్రత కోసం చేసే మార్పు పనిని కూడా మెరుగుపరుస్తుంది.

చక్ విప్పేటప్పుడు దాని కింద బెడ్ (లేత్ పొడవునా ఉండే కింది దిమ్మ) మీద ఒక చెక్క అమర్చాలి. ఉక్కు బరువును చాలామంది తక్కువగా అంచనా వేస్తారు: 100 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు రాడ్ 18 కిలోలకు పైగా తూగుతుంది, పైగా నూనె అంటి జారుతుంది. వేళ్ళు చక్‌కూ బెడ్‌కూ మధ్య నలగకుండా కాపాడేది ఆ చెక్కే.

డ్రిల్లింగ్, మిల్లింగ్

డ్రిల్ బిట్ రంధ్రం పూర్తయ్యే క్షణంలో, అంటే మొన అవతలికి వస్తున్నప్పుడు, జాబ్‌ను పట్టేస్తుంది. అప్పటిదాకా నిదానంగా ఉన్న ముక్క ఒక్కసారిగా బిట్‌తో పాటు గిరగిరా తిరుగుతుంది. పలచని రేకు అయితే పైకి లేచి కత్తిలా చేతిని కోస్తుంది. అందువల్ల జాబ్ ఎంత చిన్నదైనా వైస్‌లో బిగించాలి, వైస్‌ను టేబుల్‌కు బోల్టులతో బిగించాలి, అవతలికి వచ్చే దశలో ఫీడ్ తగ్గించాలి. ఎంత జాగ్రత్తపడినా ముక్క తిరగడం మొదలైతే దాన్ని పట్టుకునే ప్రయత్నం చేయకుండా వెనక్కి జరిగి స్టాప్ నొక్కాలి. పాడయ్యేది ముక్క మాత్రమే.

మిల్లింగ్ మెషిన్ దగ్గర ముఖ్యంగా చూసుకోవలసినవి మూడు. డ్రాబార్ (కట్టర్‌ను స్పిండిల్‌లోకి లాగి పట్టే పొడవాటి బోల్టు) బిగించిన స్పానర్‌ను పైనే వదిలేయకూడదు. కట్టర్ మార్చేటప్పుడు దాన్ని మందపాటి గుడ్డతో పట్టుకోవాలి. టేబుల్‌ను జరిపే స్క్రూలో ఆట (వదులు) ఉన్న పాత యంత్రం మీద కట్టర్ తిరిగే దిశలోనే జాబ్‌ను నెట్టే క్లైంబ్ మిల్లింగ్ చేయకూడదు, ఎందుకంటే కట్టర్ ఆ ఆటను వాడుకుని టేబుల్‌ను తనవైపు లాక్కుంటుంది, కట్టర్ విరిగి ముక్కలు ఎగురుతాయి.

గ్రైండింగ్ వీల్

200 మిల్లీమీటర్ల వీల్ (లోహాన్ని అరగదీసే గరుకు చక్రం) నిమిషానికి 2850 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు, అంటే గంటకు 100 కిలోమీటర్లకు పైమాటే. పగిలిన వీల్ ముక్క ఆ వేగంతోనే బయటికి వస్తుంది. కనుక కొత్త వీల్ బిగించడానికి ముందు మూడు పనులు చేయాలి. మొదట, వీల్ మీద ముద్రించిన గరిష్ఠ వేగం గ్రైండర్ స్పిండిల్ వేగం కంటే తక్కువ లేదని సరిచూడాలి. రెండవది, వీల్‌ను కంటితో పరీక్షించాలి. మూడవది, మోగించి చూడాలి. పొడిగా ఉన్న వీల్ రంధ్రంలో వేలు గానీ పుల్ల గానీ దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ పిడి వంటి లోహం కాని వస్తువుతో, నిలువు గీతకు అటూ ఇటూ 45 డిగ్రీల కోణంలో, అంచుకు కొంచెం లోపలగా మెల్లగా తట్టాలి. తరువాత వీల్‌ను కొంత తిప్పి మళ్ళీ తట్టాలి. బాగున్న వీల్ ఖంగుమని మోగుతుంది. చీలిక ఉన్నది చప్పగా, మొద్దుగా పలుకుతుంది; దాన్ని అక్కడికక్కడే పగలగొట్టి పారేయాలి, లేకపోతే మరెవరో తెలియక బిగిస్తారు. ఈ పరీక్ష మట్టి బంధంతో చేసిన వీల్స్‌కు వర్తిస్తుంది. రెసిన్‌తో చేసినవి బాగున్నా అంత స్పష్టంగా మోగవు.

బిగించేటప్పుడు రెండు వైపులా కాగితపు వాషర్లు, సమాన కొలత ఉన్న ఫ్లాంజ్‌లు (వీల్‌ను పట్టి ఉంచే లోహపు బిళ్ళలు) వేయాలి. వీల్ రంధ్రం స్పిండిల్‌కు పట్టకపోతే సుత్తితో కొట్టకూడదు. జాబ్‌ను ఆనించే టూల్ రెస్ట్‌కూ వీల్‌కూ మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు మించకూడదు, పైనున్న గార్డు నాలుకకూ వీల్‌కూ మధ్య 6 మిల్లీమీటర్లు మించకూడదు. వీల్ అరిగిన కొద్దీ ఈ ఖాళీలు పెరుగుతాయి, పెరిగిన ఖాళీలోకి జాబ్ జారి ఇరుక్కుంటుంది, వీల్ పగలడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అందువల్ల యంత్రం ఆపి వీటిని తరచు సరిచేస్తూ ఉండాలి. స్టార్ట్ చేశాక ఒక నిమిషం పాటు వీల్ ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, అది ఖాళీగా తిరగనివ్వాలి. మామూలు వీల్ పక్క ముఖం మీద నొక్కి రుద్దకూడదు. అల్యూమినియం వంటి మెత్తని లోహం వీల్ రంధ్రాల్లో నిండిపోయి వేడి పుట్టిస్తుంది, దాన్ని బెంచ్ గ్రైండర్ మీద పెట్టకూడదు.

సీఎన్‌సీ యంత్రాలు

కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ యంత్రం తలుపు మూసి ఉన్నంతవరకు లేత్ కంటే భద్రమైనదే. ప్రమాదం తలుపు ఇంటర్‌లాక్‌ను (తలుపు తెరిస్తే యంత్రాన్ని ఆపే స్విచ్‌ను) తాళంతోనో, అయస్కాంతంతోనో మోసం చేసి తెరిచి నడపడంతో మొదలవుతుంది. టూల్ లెంగ్త్ ఆఫ్‌సెట్‌లో (యంత్రానికి ఇచ్చే టూలు పొడవు కొలతలో) ఒక అంకె తప్పుగా పడితే టూలు పూర్తి వేగంతో జాబ్‌లోకి దిగుతుంది. అప్పుడు మీకూ ఆ విరిగిన ముక్కకూ మధ్య ఉండేది ఆ తలుపొక్కటే. కొత్త ప్రోగ్రాంను సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో ఆదేశం తరువాత ఆగే పద్ధతిలో) పెట్టి, కోత లేనప్పుడు టూలు జరిగే ర్యాపిడ్ వేగాన్ని అట్టడుగుకు తగ్గించి, ఒక వేలు కదలికను నిలిపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద ఉంచి నడపాలి. తలుపు అద్దం పాలీకార్బొనేట్ అయితే ఏళ్ళ తరబడి కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) తగిలి లోలోపల బలహీనపడుతుంది. పగుళ్ళు, మసక కనిపించినప్పుడు మార్చాలి.

కరెంటు, వెలుతురు, మరమ్మతు

కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగడం మొదలుపెట్టకూడదు. మీ స్టార్టర్‌లో ఆ రక్షణ ఉందో లేదో తెలుసుకోవడం సులభం: జాబ్, టూలు లేకుండా యంత్రాన్ని ఖాళీగా తిప్పుతూ మెయిన్ స్విచ్ ఆపి, యంత్రం పూర్తిగా ఆగాక మళ్ళీ వేయాలి. యంత్రం దానంతట అది కదిలితే ఆ స్టార్టర్‌ను మార్చేదాకా దాని మీద పని పెట్టుకోకండి.

మరమ్మతుకు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే చాలదు. అది యంత్రానికి వచ్చే కరెంటును పూర్తిగా వేరు చేయదు. మెయిన్ ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా వేరు చేసే స్విచ్) ఆపి, దానికి మీ సొంత తాళం వేసి, తాళంచెవి మీ జేబులో ఉంచుకుని, పేరు రాసిన చీటీ తగిలించి, చివరగా స్టార్ట్ నొక్కి యంత్రం కదలడం లేదని నిర్ధారించుకోవాలి. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు ఉండాలి. ఆపాక కూడా మోటారును నడిపే డ్రైవ్‌లోని కెపాసిటర్లలో (కరెంటును నిల్వచేసే భాగాల్లో) కొన్ని నిమిషాలు కరెంటు నిలిచి ఉంటుందని, నిలువు హెడ్ బరువుకు కిందికి జారవచ్చని, గొట్టాల్లో గాలి ఒత్తిడి మిగిలి ఉంటుందని గుర్తుంచుకుని వాటిని కూడా తొలగించాలి.

వెలుతురులో ఒక మాయ ఉంది. 50 హెర్ట్జ్ సరఫరా మీద పాత తరహా ట్యూబ్ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మూడు దవడల చక్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఒక్కో మిణుకుకు సరిగ్గా మూడో వంతు చుట్టు తిరుగుతుంది, ఒక దవడ ఉన్న చోటికి మరో దవడ వస్తుంది, చక్ ఆగి ఉన్నట్టే కంటికి కనిపిస్తుంది. మిణుకు లేని ఎల్ఈడీ దీపాన్ని యంత్రం దగ్గర పెట్టడం దీనికి విరుగుడు. ఏమైనా, చక్ ఆగిందని చూపుతోపాటు చెవితో కూడా నిర్ధారించుకోవాలి.

గాలి, కూలెంట్, మంట

కంప్రెసర్ గాలితో చిప్స్ ఊదడం, బట్టలు దులుపుకోవడం మానేయాలి. ఆ గాలి చిప్స్‌ను కళ్ళలోకి, యంత్రం స్లైడ్‌ల కిందికి తోస్తుంది; చర్మం మీద చిన్న గాయం ఉంటే దాని గుండా శరీరంలోకి చొరబడి ప్రాణానికే ముప్పు తేగలదు. బ్రష్ చాలు. కూలెంట్ దుర్వాసన వేస్తోందంటే అందులో బ్యాక్టీరియా పెరిగిందని అర్థం, మార్చాలి. చేతులను థిన్నర్‌తోనో, పెట్రోలుతోనో కడిగితే చర్మంలోని సహజమైన జిడ్డు పోయి పగుళ్ళు, దురద మొదలవుతాయి. సబ్బు, నీరు సరిపోతాయి.

మెగ్నీషియం చిప్స్ అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. మండుతున్న మెగ్నీషియం నీటితో కలిసి హైడ్రోజన్‌ను విడుదల చేసి మంటను మరింత పెంచుతుంది. లోహపు మంటలకు ప్రత్యేకించిన పొడిని గానీ, బాగా ఎండిన ఇసుకను గానీ, ఆ లోహం కోయడం మొదలుపెట్టక ముందే పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి.

గాయమైతే

కంట్లో నలక పడితే నలపకూడదు. కనుగుడ్డులో గుచ్చుకున్న ముక్కను తీసే ప్రయత్నం చేయకుండా, కన్ను మీద ఒత్తిడి పడకుండా కప్పి, ఆసుపత్రికి వెళ్ళాలి. రసాయనం పడితే మాత్రం మొదట కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. వేలు తెగిపడితే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, ఆ సంచిని ఐసు మీద ఉంచి గాయపడినవారితో పాటే పంపాలి. ఐసు నేరుగా వేలికి తగిలితే కణజాలం చెడిపోతుంది.

చివరిగా, చూడడానికి సూది గుచ్చినంతే ఉండి నిర్లక్ష్యానికి గురయ్యే గాయం ఒకటి ఉంది. గ్రీజు గన్ మొన నుంచి గానీ, చిల్లుపడిన హైడ్రాలిక్ గొట్టం నుంచి గానీ అధిక ఒత్తిడితో వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట నొప్పి పెద్దగా ఉండదు, చుక్క రక్తం కూడా రాకపోవచ్చు. గంటలు గడిచే కొద్దీ లోపలి కణజాలం చచ్చుబడుతుంది, ఆలస్యమైతే వేలు తీసేయవలసి వస్తుంది. అందువల్ల నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, లోపలికి పోయిన నూనె పేరు, ఒత్తిడి ఎంతో, ఏ సమయంలో జరిగిందో డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.